ఈ చేపను ఎట్లు పట్టితివి?

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 22:6, 7, నెహెమ్యా 13:16, 17, యెహెజ్కేలు 34:18, 19



మన ప్రభువు మొదట పిలిచిన శిష్యులు నలుగురును చేపలు పట్టువారు. పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను అను వీరు వేటాడిన గలిలయ సముద్రము పేరునకు సముద్రమే గాని దానిలోనిది ఉప్పునీరు కాదు. అది మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 13 కిలోమీటర్లు. మన కొల్లేటికంటె చిన్నది. కనుక సువార్తలలోని దోనెలును వలలును మన పల్లెలవారికి పరదేశపు సంగతులు కావు. వాగు గట్టున గాలము వేయని బాలుడు మన యూళ్లలో ఎవడు? నేనును వేసితిని. బడి ఎగవేసి మరీ వేసితిని. ఆ సంగతి మా నాయనకు తెలిసిన సాయంకాలము నాకు నేటికిని జ్ఞాపకమే.

ఈ నెల ధ్యానములో మా వాగును గూర్చియు, అందులో చేపలు పట్టువారు పాటించు కట్టుబాట్లను గూర్చియు వ్రాయదలచితిని. ఇది సంఘపత్రికకు తగిన సంగతియా అని కొందరు అనుకొందురేమో. కొంచెము ఓపిక పట్టి చదువుడి. ఇందులో నా తప్పు ఒకటి ఉన్నది. మా సంఘము ఎదుట 2022లోనే దానిని ఒప్పుకొంటిని. ఇతర సంఘములవారును దానిని తెలిసికొనుట మంచిదని ఇప్పుడు వ్రాయుచున్నాను.

మా వాగు పెద్దది కాదు. తమ్మిలేరు, బుడమేరువలెనే దాని నీరును తుదకు కొల్లేటికే చేరును. కొల్లేటినుండి సముద్రమునకు దారి ఉప్పుటేరు. వానకాలములో నీరు పైనుండి క్రిందికి వచ్చును. చేపలు క్రిందినుండి పైకి పోవును. దీనినే మనవారు ఎదురెక్కుట అందురు. తొలకరి వానలకు ఎర్రనీరు వచ్చిన రాత్రి చేపలు ఆ ప్రవాహమునకు ఎదురుగా, మోకాలిలోతు నీటిలో కూడ ఒడ్లకు తగులుకొనుచు పైకి ప్రాకును. ఏల? వాటి కడుపు నిండ గ్రుడ్లు ఉండును. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు మొదలైన చేపలు నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. వరదనీరు పారినప్పుడే పెట్టును. ఒక కిలో బరువుగల శీలావతి కడుపులో రెండు లక్షలకు పైగా గ్రుడ్లు ఉండును. వాటిలో పెరిగి పెద్దవగునవి బహు కొద్ది. కప్పలు తినునవి, కొంగలు తినునవి, నీరు తీసినప్పుడు పొలములో ఎండిపోవునవి పోగా మిగిలినవే మన పళ్లెములోనికి వచ్చును.

వేసవి వచ్చునప్పటికి వాగు తెగిపోవును. ఇసుక బయటపడును. వంతెన క్రింద ఒక మడుగు మాత్రము మిగులును. మే నెలలో ఆ మడుగులో ఊపిరి పట్టుకొని దాగియున్న చేపలే వచ్చు ఏటికి విత్తనము. రైతు సోదరులు దీనిని తేలికగా గ్రహింతురు. ఎంత కరవు వచ్చినను విత్తనపు వడ్లను దంచుకొని తినువాడు ఉండడు. తినిన యెడల ఆ యిల్లు ఏమగునో మనకు తెలియును.

మా సంఘములో ఒక వృద్ధురాలైన విధవరాలు ఉన్నది. పేరు వ్రాయను. ఊరంతయు ఆమెను పెద్దమ్మ అనియే పిలుచును. కొడుకులు పనులకు దూరప్రాంతములకు పోయిరి. ఆమె వారమునకు మూడు నాలుగు దినములు వంతెన ప్రక్క తుమ్మచెట్టు క్రింద వెదురు కర్రతో గాలము వేసికొని కూర్చుండును. జీలుగు బెండు, ఎర్రలు పెట్టుకొన్న కొబ్బరిచిప్ప, ఒక సత్తుగిన్నె. ఇదే ఆమె సరంజామా. జెల్ల పడును, మార్పు పడును, బొమ్మిడాయి పడును. ఒక్కొక్కప్పుడు ఏదియు పడదు. చదువు రాదు. పది ఆజ్ఞలును ప్రభువు ప్రార్థనయు నోటికి వచ్చును. అయితే ఆ గట్టున ఆమె పాటించు ఆజ్ఞలు ఇంకను కొన్ని ఉన్నవి. అవి ఎక్కడను వ్రాయబడలేదు. ఆమె తండ్రి ఆమెకు చెప్పెను. ఆయనకు ఆయన తండ్రి చెప్పెను.

కూరకు చాలినన్ని పడగానే ఆమె గాలము చుట్టివేయును. చేపలు ఎంత ఉత్సాహముగా కొరుకుచున్నను సరే. చేతి వ్రేలికంటె చిన్నది పడిన యెడల చేయి తడుపుకొని దానిని విప్పి మరల నీటిలో విడుచును. చేయి తడుపుట ఏలనని ఒకసారి నేను అడిగితిని. “పొడి చెయ్యి తగిలితే ఒంటిమీది జిగురు ఊడిపోద్దండి అయ్యగారూ. ఆ జిగురే దానికి చొక్కా. చొక్కా ఊడదీసి పంపితే బతుకుద్దా అండి?” అనెను. తనకంటె ముందు వచ్చి కూర్చున్నవాని గాలమునకు అడ్డముగా తన గాలము వేయదు. తొలి ఎర్రనీరు వచ్చిన తరువాత కొన్నాళ్లు అసలు గట్టుకే రాదు. “అవి పురిటికెళ్తన్నాయండి. దారిలో కాపుగాయకూడదు” అనును.

ఇక కొరమేను సంగతి వేరుగా చెప్పవలెను. తెలంగాణ సోదరులు దీనిని కొర్రమట్ట అందురు. తల్లిచేపయు తండ్రిచేపయు నాచులో కొంత చోటు శుభ్రము చేసికొని గూడు కట్టును. గ్రుడ్లు నీటిపై తేలుచుండగా క్రింద కావలి కాయును. పిల్లలు పుట్టిన తరువాతను విడిచిపోవు. ఆ పిల్లలు ఎర్రగా, కుంకుమ చల్లినట్లు, గుంపుగా నీటిపైకి వచ్చి గాలి పీల్చుకొని మరల దిగును. వాటి క్రిందనే తల్లి ఉండును. వేటగానికి ఇది మంచి గురుతు. ఆ ఎర్రని గుంపు నడుమ కప్పపిల్లను గ్రుచ్చిన గాలము వేసిన యెడల తల్లిచేప ఆకలిచేత గాక, తన పిల్లలమీదికి శత్రువు వచ్చెననుకొని దానిమీద పడి పట్టువడును. ఇంత తేలికయైన వేట వాగులో మరి యొకటి లేదు. పెద్దమ్మ మాత్రము ఎర్రగుంపు కనబడిన చోట గాలము ఎత్తివేసి వేరొక చోటికి పోవును.

ఆమె ఎరుగకయే మోషే ధర్మశాస్త్రమును నెరవేర్చుచుండెను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము తీసి చూడుడి. త్రోవలో పోవుచుండగా చెట్టుమీద గాని నేలమీద గాని పక్షిగూడు కనబడి, తల్లి తన పిల్లలమీద గాని గ్రుడ్లమీద గాని కూర్చుండియున్న యెడల పిల్లలతోకూడ తల్లిని తీసికొనకూడదనియు, తల్లిని విడిచిపెట్టవలెననియు దేవుడు ఆజ్ఞాపించెను. పిల్లలను తీసికొనవచ్చును, దేవుడు మన ఆకలిని ఎరుగును. అయితే తల్లిప్రేమను ఎరగా చేసికొని తల్లినే పట్టుట కూడదు. ఈ ఆజ్ఞకు ఒక వాగ్దానము జతపరచబడినది: మేలు కలుగుననియు, దీర్ఘాయువు కలుగుననియు. ఇదే వాగ్దానము, ఈ రెండు మాటలతోనే, అదే గ్రంథము 5వ అధ్యాయములో తలిదండ్రులను సన్మానించుమను ఆజ్ఞకును ఇవ్వబడినది. తండ్రిని తల్లిని సన్మానించుట ఎంత గొప్ప ఆజ్ఞ! చెట్టుమీది పిట్ట ఎంత చిన్నది! అయినను దేవుడు రెంటికిని ఒకే బహుమానము పెట్టెను. పక్షి విషయములో తల్లిని విడిచినవానికి పిల్లలైనను దక్కును. కొరమేను విషయములో తల్లిని పట్టినవానికి పిల్లలును దక్కవు. కావలి పోయిన గంటలోనే తక్కిన చేపలు వాటిని మ్రింగివేయును.

ఇప్పుడు నా తప్పు చెప్పవలెను.

2022వ సంవత్సరము మే మాసములో ఒక ఉదయమున మా సంఘ యౌవనుడొకడు రెండు పెద్ద కొరమేనులను తాటాకు బుట్టలో పెట్టి మా గుమ్మములోనికి తెచ్చెను. ఒక్కొక్కటి కిలోకు తక్కువ కాదు. అతడు నా చేతులమీద బాప్తిస్మము పొందినవాడు, మందిరములో డోలకు వాయించువాడు, మంచివాడు. “అయ్యగారికని తెచ్చానండి” అని నవ్వుచు చెప్పెను. నేను సంతోషముతో పుచ్చుకొని, అతనికొరకు ప్రార్థించి పంపివేసితిని. మా ఇంటావిడ బుట్టలోనికి చూచి, “ఏమండీ, ఎండల్లో ఇంత చేప ఎక్కడ పడిందండీ? గాలం గుచ్చిన గాటు కూడా లేదే!” అనెను. నేను విననట్లు ఊరకుంటిని. ఎరుగక ఊరకుండలేదు. చేపల కన్నులు తెల్లబడి ఉండెను. తెల్లవారుజామున వంతెనవైపునుండి వచ్చిన గాలిలో పొలమునకు కొట్టు పురుగుమందు వాసన నాకును తగిలెను. ఆ దినమున పొలములలో మందు కొట్టువాడెవడును లేడు. అది కోతలైపోయిన కాలము. నాకు తెలియును. అయితే అడిగిన యెడల సమాధానము వినవలసివచ్చును. వినిన యెడల చేపను తిరిగి ఇచ్చివేయవలసివచ్చును. కనుక అడుగలేదు. మా ఇంటావిడ వండనన్నది. అది కష్టమైన మందు, పిల్లలకు పెట్టనన్నది. చేపలను గోతిలో కప్పివేసితిమి. నేను తినలేదు, అయితే పుచ్చుకొంటిని, ప్రార్థించితిని. ఆ ప్రార్థన చెవిలో మ్రోగునప్పుడెల్ల నేటికిని నాకు సిగ్గు కలుగుచున్నది.

ఆ సాయంకాలము వంతెనయొద్దకు వెళ్లితిని. మడుగంతయు తెల్లగా ఉండెను. పైకి తేలిన చేపల కడుపులు అవి. అమ్ముడగు పెద్దవానిని ఏరుకొని తక్కినవానిని విడిచిపోయిరి. పరిగెలు, రొయ్యపిల్లలు, నత్తలు, కప్పలు, ఒక నీరుకట్టె పాము, ఎవరికిని పనికిరాని పురుగులు సహా అన్నియు చచ్చి యుండెను. కాకులు కూడ దగ్గరకు రాలేదు. ఏరుకొనిపోబడిన చేపలు పట్నపు బజారులో అమ్మబడెనని తరువాత తెలిసెను. అవి ఎవరి పిల్లల కంచములోనికి పోయెనో దేవుడే ఎరుగును.

తరువాత మూడు వారములవరకు నేను ఏమియు మాటలాడలేదు. ఆదివారములు యథాప్రకారముగా వాక్యము చెప్పితిని. పెద్దమ్మ మాత్రము ప్రతిదినము తుమ్మచెట్టు క్రింద కూర్చుండెను. బెండు కదలుట లేదు. వేరొక చోటికి నడచిపోవుటకు ఆమెకు కాళ్లలో బలము లేదు. ఒకనాడు నేను ఆ దారిని పోవుచు, “ఏం పెద్దమ్మా, ఏమైనా పడ్డాయా?” అని అడిగితిని. అడుగకయుండవలసినది. ఆమె నావైపు చూడకయే ఇట్లనెను: “మందు పెట్టినోడెవడో నాకు తెలుసండి అయ్యగారూ. ఆడు ఎవరింటికి బుట్ట మోసుకెళ్లాడో కూడా తెలుసండి. మీరు అడిగుంటారనుకున్నానండి.”

అంతకంటె ఏమియు అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యెహెజ్కేలు గ్రంథము 34వ అధ్యాయము తీసితిని. ఆ అధ్యాయము ఎవరినిగూర్చి మొదలుపెట్టుచున్నదో మీరెరుగుదురు. మందను మేపక తమ్మును తామే మేపుకొను కాపరులనుగూర్చి! అంతవరకు అనేక పర్యాయములు చదివినదే. పిదప 18, 19 వచనములు. బలిసిన గొర్రెలు మంచి మేత మేసి మిగిలినదానిని త్రొక్కివేయుచున్నవి. నిర్మలమైన నీరు త్రాగి మిగిలిన నీటిని కాళ్లతో కలకచేయుచున్నవి. బలహీనమైన గొర్రెలు ఆ కలక నీటినే త్రాగవలసి వచ్చుచున్నది. ఇది మీకు చాలదా అని దేవుడు వాటిని అడుగుచున్నాడు. త్రాగుటనుబట్టి ఆయన కోపించలేదు. తాను త్రాగిన పిమ్మట మరియొకడు త్రాగకుండ చేయుటనుబట్టి కోపించెను. మడుగులో మందు కలిపినవాడు చేసినది ఇదే. కాపరిగా నేను చేసినదో?

దానికి జవాబు నాకు నెహెమ్యా గ్రంథములో దొరికెను. యెరూషలేములో చేపల గుమ్మము అని ఒక గుమ్మము ఉండెను. తూరు దేశస్థులు విశ్రాంతిదినమున కూడ చేపలు తెచ్చి యూదులకు అమ్ముచుండిరి. నెహెమ్యా ఎవరితో వాదించెనో 13వ అధ్యాయములో చూడుడి. మొదట అన్యులైన బెస్తవారితో కాదు. యూదుల ప్రధానులతో వాదించెను. అమ్మువాడు అమ్ముటకు కొనువాడు ఉండవలెను గదా! విశ్రాంతిదినము ఆ తూరువాని ఆజ్ఞ కాదు, యూదుల ఆజ్ఞ. వారు అడిగియుండవలసినది, అడుగక సంచులు నింపుకొనిరి. పుచ్చుకొనువాడు అడుగనంతకాలము పట్టువాడు ఎట్లయినను పట్టును.

మరునాడు ఆ యౌవనుని యింటికి పోతిని. గద్దింపవలెనని పోలేదు. ముందు నా తప్పు ఒప్పుకొంటిని. అతడు చాలసేపు తల వంచుకొని కూర్చుండి, తుదకు, “మీరేమీ అనలేదు గదండీ. అయ్యగారే తీసుకున్నారంటే తప్పు కాదేమో అనుకున్నానండి” అనెను. సహోదరులారా, సేవకులారా, ఈ మాట విని నేను ఎట్లు లేచి నిలువబడితినో నాకే తెలియదు. అతనికి అప్పు ఉండెను. చెల్లెలి ప్రసవమునకు డబ్బు అవసరమై యుండెను. ఒక రాత్రిలో అంత డబ్బు మరి యే విధమునను రాదు. ఇవన్నియు నిజమే. వీనిలో ఒక్కటియైనను మడుగును బ్రదికించదని అతనికిని తెలియును.

చట్టము లేదా అని అడుగుదురేమో. ఉన్నది. 1897లో ఈ దేశమునకు వచ్చిన చేపల చట్టము నీటిలో మందుగుండు పేల్చి గాని, విషము, సున్నము వంటివి కలిపి గాని చేపలను పట్టుటను, చంపుటను నేరముగా ఎంచెను. రెండు నెలలకు మించని ఖైదు గాని, 200 రూపాయలకు మించని జుల్మానా గాని ఆ చట్టము నాడు పెట్టిన శిక్ష. ఎట్టి వలలు వాడవచ్చునో, వల కన్ను ఎంత ఉండవలెనో నియమించు అధికారమును, ఒక నీటిలో కొంతకాలము వేటను ఆపు అధికారమును ప్రభుత్వమునకు అదే చట్టము ఇచ్చెను. మా మడుగులో మందు పడునప్పటికి ఆ చట్టమునకు 125 ఏండ్లు. సముద్రముమీద మన తూర్పు తీరమందు ఏటేట ఏప్రిల్ 15 మొదలుకొని జూన్ 14 వరకు, 61 దినములు, మరపడవలకు వేట నిషేధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని ఈ కట్టుబాటు. రేవులో అధికారులు ఉందురు. పడవ కదలిన యెడల కనబడును. మా వాగునకు ఎవడు కావలి? వంతెన క్రింద అర్ధరాత్రి ఎవడు చూచును? అక్కడ నిలుచు కట్టుబాటు మనుష్యుని లోపల ఉన్న యెడల ఉన్నది, లేని యెడల లేదు.

ఆ జూన్ నెలలో, వానలు పడకమునుపు, వంతెనయొద్ద అందరము కూడుకొంటిమి. మా సంఘమువారే గాక ఊరిలోని తక్కిన మతములవారును, వలలు వేసి జీవించు కుటుంబములవారును వచ్చిరి. వాగు అందరిదిగదా! నేను మొదట మాటలాడి నా సంగతి చెప్పితిని. ఆ యౌవనుడును లేచి తన సంగతి చెప్పెను. ఎవడును నవ్వలేదు, ఎవడును తిట్టలేదు. కొంతసేపు నిశ్శబ్దము.

పిదప వాదములు పుట్టెను. పుట్టవలెను కూడ. మా సంఘపెద్ద ఒకరు, “దేవుడిచ్చే చేపలకు లెక్కలేమిటండీ? ఇచ్చేవాడు ఆయన, పట్టుకునేవాళ్లం మనం” అనిరి. దానికి ఆదికాండము మొదటి అధ్యాయము చదివితిని. పరిశుద్ధ గ్రంథములో దేవుడు పలికిన మొట్టమొదటి ఆశీర్వాదము ఎవరికి? ఆదాముకు కాదు. అయిదవ దినమున నీటిలోని చేపలకును ఆకాశపక్షులకును ఆయన ఆ ఆశీర్వాదమును పలికెను: ఫలించి, అభివృద్ధి పొంది, నీటిని నింపుమని. ఆరవ దినమున గదా చేపలమీద మనకు అధికారమిచ్చెను! మనకు అధికారము వచ్చునప్పటికే ఆశీర్వాదము వాటిమీద ఉండెను. దేవుడు దీవించిన కడుపును గ్రుడ్లతోకూడ మందు పెట్టి చంపుటకు ఆ అధికారము చెల్లదు. ఆ పెద్ద మరల మాటలాడలేదు గాని, తల ఊపలేదు కూడ.

ఇంకొకరు, “మనం వదిలేస్తే పై ఊరివాళ్లు పట్టుకుపోతారు” అనిరి. ఇది బలమైన మాట. దీనికి నాయొద్ద వచనము లేకపోయెను. వలవేయు కుటుంబపు పెద్దాయన ఒకరు లేచి, “పట్టుకుపోనీండి. మందు పెట్టకుండా పట్టుకుపోతే మళ్లీ వస్తాయి. మందు పెడితే ఆళ్లకీ లేవు, మనకీ లేవు” అనెను. ఆయన మన సంఘమువాడు కాదు. ఆ దినమున మంచి ప్రసంగము ఆయనదే.

చిన్న చేపల సంగతియు వచ్చెను. దోమతెర వలలతో చీమలంత పిల్లలను కూడ గట్టున పోయుచున్నారని ఆడవారు చెప్పిరి. నాకు ఒక మాట స్ఫురించెను. మనవారు ఆ చిన్న చేపలను పరిగెలు అందురు. కోసిన చేనిలో మిగిలిన వెన్నులనును పరిగె అనియే అందురు. రూతు బోయజు పొలములో ఏరుకొన్నది పరిగెయే. రెండు మాటలకు సంబంధమున్నదో లేదో పండితులు చెప్పవలెను. అయితే లేవీయకాండము 19వ అధ్యాయములో పొలపు ఓరలను పూర్తిగా కోయకూడదనియు, పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెననియు దేవుడు చెప్పెను. ఆడవారికి ఈ మాట నా తక్కిన మాటలన్నిటికంటె బాగుగా తగిలెను. మా సంఘములో వేరొక విధవరాలు, “అయితే వల కన్ను పెద్దదుండాలన్నమాట, మాలాంటోళ్ల కోసం” అని నవ్వెను.

తుదకు ఒప్పుకొన్నవి కొద్ది. మందు గాని, కరెంటు తీగ గాని వాగులో పెట్టకూడదు. దోమతెర వలలు కూడదు. ఏప్రిల్, మే నెలలలో మడుగులో వల వేయరాదు. గాలమునకు అడ్డు లేదు. తొలి ఎర్రనీరు వచ్చిన తరువాత పదిహేను దినములు ఎదురెక్కు చేపలకు మావులు పెట్టి దారి కట్టకూడదు. ఎర్రపిల్లలున్న చోట కొరమేనును పట్టకూడదు. ఇవన్నియు పెద్దమ్మ తండ్రి కట్టుబాట్లే, కొంచెము అటు ఇటుగా. ఆమె ఆ దినమున రాలేదు. మోకాళ్ల నొప్పి అని కబురు పంపెను. జుల్మానా పెట్టవలెనని కొందరు పట్టుబట్టిరి. ఎవరు వసూలు చేయవలెనన్న చోట ఆ మాట ఆగిపోయెను. నాకైతే అది మంచిదే అనిపించినది.

ఇది విని మా వాగు నాటినుండి చేపలతో నిండిపోయెనని అనుకొనవద్దు. ఆ సంవత్సరము వరద బాగుగా వచ్చి కొల్లేటినుండి కొన్ని చేపలు ఎదురెక్కెను. అయినను మడుగు చాలవరకు వట్టిదిగానే ఉండెను. 2023 వేసవిలో ఎవరో రాత్రివేళ వచ్చి కరెంటు తీగ వేసిరి. ఏ ఊరివారో తెలియలేదు. మేము నిరాశపడితిమి. మన సమావేశము వలన ఏమి లాభమని మా పెద్దలు అడిగిరి. నాయొద్ద జవాబు లేదు. ఆ రాత్రినుండి ఆ యౌవనుడే, మందు పెట్టిన ఆ యౌవనుడే, మరి నలుగురితో కలిసి మే నెలలో వంతెనమీద మంచము వేసికొని పండుకొనుట మొదలుపెట్టెను. ఎవరును చెప్పలేదు. తన అప్పు మాత్రము ఇంకను తీరలేదు. తాపీపనికి పోయి తీర్చుకొనుచున్నాడు. 2024 వానకాలములో మొదటిసారిగా నాచు ప్రక్కన ఎర్రని గుంపు కనబడెనని పిల్లలు పరుగెత్తుకొని వచ్చి చెప్పిరి. బడి పిల్లలు అరగంటసేపు వంతెనమీద వంగి చూచిరట. ఆ దినమున బడికి ఆలస్యమైనందుకు వారిని గద్దింపలేదని వారి ఉపాధ్యాయుడు నాతో చెప్పెను.

నీటిలో చేసినది నీటిలోనే పోవునని మనము అనుకొందుము. హబక్కూకు ప్రవక్త ఒక వేటగానిగూర్చి చెప్పుచున్నాడు. వాడు మనుష్యులను చేపలవలె గాలములతో ఎత్తి, వలలతో చిక్కించుకొని, తనకు క్రొవ్విన భాగము దొరికినందుకు తన వలకే బలి అర్పించి ధూపము వేయును. ప్రవక్త ప్రశ్న ఒకటే: వాడు వలను దులుపుచు, నింపుచు, ఎల్లప్పుడును మానక ఇట్లే చేయవలెనా? మన యిండ్లలో కూర ఉడుకుచున్న వేళ ఈ ప్రశ్న మనకు ఇష్టముండదు. నాకును ఇష్టము లేకపోయెను. అయితే మన ప్రభువు తిబెరియ తీరమున తన శిష్యులకు రొట్టెయు చేపలును సిద్ధపరచిన ఉదయమున, యోహాను ఎంత జాగ్రత్తగా వ్రాసెనో చూడుడి. రాత్రియంతయు ప్రయాసపడిరి, ఏమియు దొరకలేదు. ఆయన చెప్పిన ప్రక్కను వల వేసిరి. గొప్ప చేపలు నూట ఏబది మూడు. అన్ని పడినను వల పిగలలేదు. ఎన్ని పడెనో వ్రాసినవాడు ఎట్లు పడెనో కూడ వ్రాసెను. ఆ చేపలలో ప్రభువు ఎదుట దాచుకొనవలసినది ఒక్కటియు లేదు.

2025 జనవరిలో ఒక ఉదయమున ఆ యౌవనుడు మరల మా గుమ్మములోనికి వచ్చెను. అదే తాటాకు బుట్ట. అందులో ఒకటే కొరమేను, ఇంకను కొట్టుకొనుచుండెను. నేను చేయి చాపకమునుపు, “ఎక్కడ పట్టావు నాయనా? ఎట్లా పట్టావు?” అని అడిగితిని. అతడు నొచ్చుకొనలేదు. “మడుగులోనేనండి. కప్పపిల్లతో, గాలమేసి. పిల్లలున్న చేప కాదండి, పిల్లల కాలం కాదు గదా. చూడండి” అని చేప నోరు తెరచి గాలపు గాటు చూపెను. అప్పుడు పుచ్చుకొంటిని. మా ఇంటావిడ బూడిద తెచ్చుకొని రాతిమీద దానిని తోమ నారంభించెను. మధ్యాహ్నమునకు కూర అయిన తరువాత సగము గిన్నెలో పోసి మా చిన్నవానిచేత పెద్దమ్మ యింటికి పంపితిమి. ఆమె వానిని గుమ్మములోనే నిలిపి, “ఎట్టా పట్టాడంటరా?” అని అడిగి, వాడు చెప్పినదంతయు వినిన పిమ్మటనే గిన్నె అందుకొన్నదట.